పిప్పి

తెల్లవారుజామున నాలుగున్నరకి
మా వంటింట్లో లారీ స్టార్టయినట్టు చప్పుడు.
నెల్లూరు ట్రంకురోడ్డులో, పాతసామాన్ల కొట్లో
పదహారొందలకి బేరమాడి తెచ్చిన జ్యూసరది.
మూత సరిగ్గా పడదు. అరచేత్తో అదిమి పట్టుకోవాలి,
తిరనాళ్లలో పిల్లాణ్ణి పట్టుకున్నట్టు.

మొదటిరోజు బీట్‌రూటు.
గోడ మీద, నా బనీను మీద,
క్యాలెండర్లో పెంచలస్వామి పాదాల మీద ఎర్రచుక్కలు.
కామాక్షి గుమ్మంలో నిలబడి
"ఎవర్నన్నా పొడిచినావా ఏంది?" అంది.

రెండోరోజు బూడిదగుమ్మడి.
గుమ్మానికి కట్టే కాయని గొంతులోకి దించితే
కడుపుకి దిష్టి తగలదేమో అనుకున్నాను.
మధ్యాహ్నం దాకా తేన్పుల్లో అదే పచ్చివాసన.

మూడోరోజు కాకరకాయ. ఆ సంగతి రాయను.

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
ఇరవైరెండేళ్లుగా కాటా గుమాస్తాని.
బస్తా ఎత్తుతుంటే చూసి బరువు చెప్పగలను,
నా కోసం ఒక కాయ పిండుకున్నది మాత్రం వేళ్ల మీద లెక్క.
ఇప్పుడు జేబులో రెండు కాయలు వేసుకుపోతుంటే
హమాలీ కాలేషా నవ్వుతాడు:
"వీగనంటే ఏంది సామీ, వీగిపోవడమా?"

వీగిపోయాను కూడా, ఆదివారం.
మామిడికాయ ముక్కలేసి మట్టిచట్టిలో
రాత్రంతా ఊరిన కొర్రమీను పులుసు,
మూత తియ్యకముందే వీధికంతా తెలిసిపోతుంది.
నేను ఎదురుగా కూచుని
నెయ్యి లేని గోంగూరన్నంలో వేళ్లతో ఏదో వెతుక్కున్నాను.
ఒక్క గరిటె. ముక్క కాదు, ఒట్టి పులుసు.
కామాక్షి చూసింది. ఏమీ అనలేదు.
ఆ అనకపోవడమే ఎక్కువ కారం.

అడిగినవాళ్లందరికీ షుగరని చెప్పాను.
షుగరంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు.

అసలు సంగతి గోడవతల ఉంది.
మస్తానమ్మ బర్రె మాఘంలో ఈనింది.
పదకొండోనాటికి దూడ పోయింది.
చేపు రావాలి కదా.
తోలు ఒలిపించి, వరిగడ్డి కూరి, గోనెదారంతో కుట్టించి
బర్రె ముందర నిలబెట్టారు.
కళ్లుండే చోట రెండు చిల్లులు.
బర్రె దాన్ని నాకింది,
తల నుంచి తోక దాకా, కుట్లు కూడా వదలకుండా.
చేపింది.
ఆ పూటా మా ఇంటికి అర్ధలీటరు వచ్చింది,
ఎప్పట్లాగే, ఎప్పటంత చిక్కగా.
కాఫీ గ్లాసు నా చేతిలోనే చల్లారిపోయింది.

మస్తానమ్మనేమంటాను?
ఆ పాల డబ్బులతోనే కూతురి నర్సింగు ఫీజు.
"ఎందుకు మానేసినావయా, నీళ్లు కలిపినానా నేను?"
అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే
"షుగరు" అన్నాను మళ్లీ.

రసం గ్లాసెడు, పిప్పి బకెట్టెడు.
పారబోయడానికి మనసొప్పక
మొన్న గోడ మీంచి అందించాను.
క్యారెట్టు, బీట్‌రూటు, గుమ్మడి చెక్కు,
నిమ్మతొక్కలు మాత్రం ఏరేసి, దాని పళ్లు పులుస్తాయని.
ఇన్నాళ్లూ అటునుంచి ఇటు చెంబు.
ఇప్పుడు ఇటునుంచి అటు బకెట్టు.

నిన్న నేనే పోయి పెట్టాను.
అడుగు దాకా ఊడ్చి
నా మణికట్టు నాకింది బర్రె,
గరుగ్గా, తీరిగ్గా, మోచేతి దాకా.
చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.
నా తోలు లోపల ఏం కూరి ఉందో
దానికెట్లా తెలుస్తుంది?

"నీ పిప్పికి పాలు పెరిగినాయయా,
రేపట్నుంచి ఒక గ్లాసు ఊరికే పోస్తా,
షుగరుకి పలచన చేసుకుని తాగు" అంది మస్తానమ్మ,
మొహమంతా సంతోషంతో.

రేపు నాలుగున్నరకి
మూత రెండు చేతులా అదిమి పట్టాలి.
ఆ చప్పుడులో
గోడవతల నుంచి పిలిచినా వినపడదు.